మిగులు రీలు మావ

మొన్న పలాస నుంచి వస్తుంటే మా పాసింజరుని సుమ్మాదేవి దగ్గర ఆపేశారు. వెనక ఎక్స్‌ప్రెస్ ఏదో ఉందట, దానికి దారివ్వాలట. పట్టాల పక్కన రెల్లు తెల్లగా పూసి ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడొకడు సెల్‌ఫోన్ బయటికి చాచి దాన్ని ఫోటో తీస్తున్నాడు. తీస్తున్నాడనడం కూడా తక్కువే. నల్లి కుట్టినవాడు గోక్కున్నట్టు ఆపకుండా నొక్కుతున్నాడు. నా నోరు ఊరుకోదు కదా.

“రీలెంత మిగిలినాది బావూ?” అన్నాను.

వాడు నన్ను కిందనుంచి పైకి చూసి, “రీలేటండీ?” అన్నాడు.

పక్కవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. రైలు కదిలాక మాత్రం నవ్వు మిగల్లేదు. కెమెరాలో వేసే రీలంటే ఏమిటో తెలియనివాళ్లు ఫోటోలు తీసే రోజులొచ్చాయి. రీలంటే ప్రాణం పెట్టిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆయన పేరు రాయను. కాశీబుగ్గ నుంచి బారువ దాకా ఎన్నో ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌లు ఆయన చేతి మీదుగా తయారైనవే. పేరు బయటపెడితే వాళ్లంతా పాత తగువులు పట్టుకుని మా గుమ్మంలోకి వస్తారు. నాకు ఆయన మావ. చుట్టరికం ఏమీ లేదు. నేను ఆటో తోలేవాణ్ణి, ఆయన ఫోటోలు తీసేవాడు. మా వైపు ఒకే ఆటోలో రెండుసార్లు కలిసి కూర్చుంటే మావా అల్లుడూ అయిపోతాం. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది కాబట్టి, ఆ తర్వాత నా చదువు ఏదైనా ఉందంటే అది ఆయన వెనక చెరువు గట్ల మీద నడిచిన చదువే. అందులోనూ నేను పాసయ్యానని చెప్పలేను.

రీలుకి ముప్పై ఆరు బొమ్మలు. పెళ్లి ఎప్పుడూ రీలుకి సరిగ్గా సరిపోదు. అప్పగింతలై, కారు వెళ్లిపోయి, వంటవాళ్లు గిన్నెలు తోముకునే వేళకి ఆఖరి రీలులో కొన్ని మిగిలేవి. మిగతా ఫోటోగ్రాఫర్లు వాటిని పెళ్లివారి పిల్లల మీదో, భోజనం బాగా వడ్డించిన పెద్దమనిషి మీదో ఖర్చుచేసేవారు. మావకి అవి ‘మిగులు’. మిగులు ఆయన సొంతం. మర్నాడు తెల్లారగానే కొండ దారినో చెరువు గట్టునో పట్టుకుని, ఆ మిగులుని పిట్టల మీదా ఆకుల మీదా ఖర్చుచేసి, ఆ తర్వాతే రీలుని విశాఖపట్నం లాబుకి పంపేవాడు. లాబువాళ్లకి పెళ్లికూతురేదో పిట్టేదో పట్టదు. అన్నీ కడిగి ఒకే కవరులో పంపేవారు. వాటిని ఏరుకోవడం మావ పని. ఏరుకోవడంలో ఆయన ఎంత శ్రద్ధగా ఉండేవాడో కోటబొమ్మాళి నుంచి ఆల్బమ్ చంకన పెట్టుకుని వచ్చిన ఒక అత్తగారిని అడగాలి.

“మా కోడలు ఏడవడం ఉంది, కారెక్కడం ఉంది. దానెనకాల ఈ ఎండుకొమ్మేటి?” అంది ఆవిడ.

“ఎండుకొమ్మ కాదప్పా, దాని మీద పిట్టుండేది.”

“ఏదీ?”

“ఎగిరిపోనాది.”

“ఎగిరిపోనాక తీసినావేటి మరి?”

“తీసినాక ఎగిరినాదనే అనుకున్నానప్పా,” అన్నాడు మావ, ఆవిడ కంటే ఎక్కువ బాధపడుతూ.

అదీ మావ జబ్బు. పెళ్లికూతురు తల ఎత్తే రెప్పపాటుని ఒక్కనాడూ వదలని వేలు, పిట్ట దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయేది. ఊపిరి బిగపట్టి, ఒక కన్ను మూసి, ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ, ఈలోపు పిట్టకి వేరే పని గుర్తుకొచ్చేది. మావ దగ్గరున్న పిట్టల ఫోటోలన్నీ పిట్ట ఇప్పుడే లేచిపోయిన కొమ్మలే. కొన్నింటిలో కొమ్మ ఇంకా ఊగుతున్నట్టు మసక ఉండేది. “సూడు, కాళ్ల బరువు ఇంకా పోనేదు,” అని ఆ మసకనే వేలితో చూపించి మురిసిపోయేవాడు. “మావా, నువ్వు పిట్టలకి కాదు, పిట్టలు ఖాళీ చేసిన ఇళ్లకి ఫోటోగ్రాఫర్‌వి,” అనేవాణ్ణి. నవ్వేవాడు గానీ మర్నాడు మళ్లీ బయల్దేరేవాడు.

ఆ నడకలన్నీ వానలు వెనక్కి తగ్గిన తర్వాతే. ఆశ్వయుజం, కార్తీకం. తుపాను భయం ఇంకా పోదు, ఆకాశం మాత్రం కడిగిన కంచంలా ఉంటుంది. మందస వైపు వెళ్తే మహేంద్రగిరి మీద నీళ్లు దిగిన చారలు దూరానికే కనిపిస్తాయి. చెరువుల్లో తామరాకులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నా ఆటో వెళ్లినంత దూరం ఆటో, ఆ పైన కాళ్లు. చెరువు గట్టు రాగానే మావ రబ్బరు చెప్పులు విప్పేసేవాడు. “ఒకలింటికెల్తన్నాం కదరా,” అనేవాడు. కాలికి ముల్లు గుచ్చుకుంటే తిట్టేది ముల్లుని కాదు, నన్ను. నేను మాట్లాడుతుంటే దారి చూడ్డం మరిచిపోయాడట.

పిట్టల పేర్లు ఆయనకి తెలియవు. తెలుసుకోవాలనీ ఉండేది కాదు. అన్నింటికీ చుట్టాల పేర్లే. నీళ్ల అంచున ఒంటికాలి మీద నిలబడి ఎవరితోనూ పలకని బూడిదరంగు కొంగ ఆయన తోడల్లుడు. తోక ఎగరేస్తూ రాయి మీంచి రాయి మీదకి దూకేది మేనత్త. గొంతు కింద సంచి వేలాడేసుకుని బద్ధకంగా తిరిగే గూడబాతు ‘పెదమావ’. నిజం పెదమావ ఒకసారి మావ ఫోటో షాపుకి వచ్చి కూర్చుంటే, నేను ఆయన గొంతు వైపు చూసి బయటికి పరిగెత్తాను.

మావ నడుస్తూ ప్రశ్నలు వేసేవాడు. ఈ నత్త ఎక్కడికెల్తంది? ఈ తూనీగలన్నీ నిన్న ఎక్కడున్నాయి? తామరాకు కింద చీకటి ఎలాగుంటాది? నేను ఏదో ఒకటి చెప్పబోతే చిరాకుపడేవాడు. “నువ్వు సెప్పీసేవనుకో, ఇంక ఇంటికెల్లిపోవాలి,” అనేవాడు.

ఒకనాడు కొండ దిగువన మంచు పట్టిన సాలెగూడు ముందు గొంతుక్కూర్చున్నాడు. పొద్దెక్కుతోంది, మంచు కరుగుతోంది, మావకి వేలు కదలదు. గడ్డిమోపుతో వెళ్తున్న ఒకావిడ ఆగి, మోపు దించకుండానే అడిగింది.

“ఏటి బావూ, సాలీడుకేటి పెళ్లా?”

“అవునమ్మా,” అన్నాడు మావ తల తిప్పకుండా. “పెళ్లికొడుకింకా రానేదు.”

“వత్తే తినేత్తాది, సెప్పు ఆడికి,” అని ఆవిడ నవ్వుకుంటూ పోయింది. మావ ఆ మాటకి ఎంత నవ్వాడంటే, ఆయన ఊపిరికే సాలెగూడు ఊగి ఫోటో పోయింది.

ఇప్పుడు ఉత్త ఫ్లాష్ గురించి చెప్పాలి. ఇది ఆ రోజుల్లో పెళ్లి ఫోటోలు తీసేవాళ్లందరికీ తెలిసిన పనే. పెళ్లిలో ప్రతివాడూ, “మాకోటి, మాకోటి,” అని మీద పడతాడు. అందరికీ తీస్తే రీళ్లు చాలవు, వద్దంటే అలుగుతారు. ఫ్లాష్ వెనక చిన్న మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే వెలుగు వస్తుంది, బొమ్మ పడదు. పెళ్లికొడుకు చెల్లెలి ఆడపడుచు మరిది వచ్చి చొక్కా సర్దుకుని నిలబడతాడు. మీట నొక్కితే తళుక్కుమంటుంది, తృప్తిగా భోజనానికి వెళ్లిపోతాడు. ఆల్బమ్ వచ్చే వేళకి ఆయనెవరో ఎవరికీ గుర్తుండదు. ఎవరికీ నష్టం లేదని మావ అనేవాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

రెండువేలు దాటిన కొత్తలో, కార్తీకంలో, బారువ వెళ్లే దారిలో ఒక ఊళ్లో పెళ్లి. ఆ ఊరి పక్కన బీల ఉంది. ఎండల్లో కూడా పూర్తిగా ఎండని పల్లపు నీటినేలని మా వైపు బీల అంటారు. పెళ్లికూతురు తండ్రికి కొబ్బరి తోట ఉంది, కిడ్నీలు లేవు. ఉన్నాయి గానీ పనిచెయ్యవు. ఉద్దానంలో అప్పటికే ఆ జబ్బు పేరు చిన్నపిల్లలకి కూడా వచ్చు. ఆయన ఉండగానే పిల్ల మెడలో తాళి పడాలని పెళ్లి ముందుకి జరిపారు.

ఆయన కాళ్లు పొంగి ఉన్నాయి. పీట మీద కూర్చోలేడు. కన్యాదానం అన్నావదినల చేత చేయించి, తను పందిరి చివర కుర్చీలో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. అందువల్ల కూతురి పక్కన ఆయన ఒక్క ఫోటోలోనూ పడలేదు. అప్పగింతలు అవుతుండగా ఆయన చెయ్యెత్తి పిలిచాడు.

“ఓ పాలి ఇలా రాయే అమ్మా. బావూ, మా ఇద్దరికీ ఒకటి తియ్యవా?”

ఆ పిల్ల వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, కెమెరా వైపు చూసి నవ్వాడు. జబ్బు మనిషి నవ్వులా లేదు. తెరిపిగా, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

పెళ్లిళ్లలో మావకి లైటు పట్టేది నేనే, అందుకే పక్కనే ఉన్నాను. పందిరి గుడ్డ పక్కనుంచి బీల కనిపిస్తోంది. నీళ్లలో నిలబడ్డ తుమ్మచెట్టు మీద పొద్దుటి నుంచీ ఒక గూడబాతు కదలకుండా కూర్చుని ఉంది. రీలు ఆఖరికి వచ్చింది. మావ వేలు ఎక్కడికి వెళ్లిందో నాకు కనిపించింది. తళుక్కుమంది.

“బాగొచ్చినాదా బావూ?” అన్నాడు ఆయన.

“బెమ్మాండంగా వచ్చినాది,” అన్నాడు మావ.

కారు కదలగానే మావ గట్టు మీదకి పరిగెత్తాడు. పిట్ట ఆగలేదు. మిగులంతా ఖాళీ తుమ్మకొమ్మ మీద అయిపోయింది.

ఆ పిల్ల తండ్రి సంక్రాంతి దాటలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆ పిల్ల కాశీబుగ్గలో మావ షాపుకి వచ్చింది. నేను అక్కడే టీ తాగుతున్నాను. ఎందుకొచ్చిందో నాకు చప్పున తెలిసింది. గ్లాసు కింద పెట్టేశాను.

“బాబాయ్, ఆల్బమ్‌లో మా నాన్నా నానూ ఉన్న ఫోటో నేదు. మీ కాడ ఉండిపోయిందేమోనని వచ్చినాను.”

ఇలాంటప్పుడు చెప్పడానికి ఫోటోలవాళ్లందరి దగ్గరా ఒక మాట సిద్ధంగా ఉంటుంది: ‘లాబులో పాడైపోనాది.’ ఎవరూ విశాఖపట్నం వెళ్లి అడగరు. మావ ఆ మాట అంటాడని నేను ఎదురుచూశాను. అంటే బాగుండుననీ అనుకున్నాను. మావ బల్ల మీద రెండు చేతులూ ఆనించి, “తియ్యనేదమ్మా,” అన్నాడు.

“అదేటి, వెలుగు వచ్చినాది కదా?”

“వెలుగొక్కటే. రీలు ఆఖరికొచ్చీసింది. మిగిలినది వేరేదానికి దాసుకున్నాను.”

ఆ పిల్ల నెమ్మదిగా అంది. “మా నాన్న ఆ యాల నవ్వినాడు బాబాయ్. జబ్బు సేసినాక మరి అలగ నవ్వనేదు. ఉత్త వెలుగుకా నవ్వినాడు?”

నేను చల్లారిన టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

“దేనికి దాసినావు?” అంది ఆ పిల్ల.

మావ సొరుగు లాగి ఆ ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. నీళ్లు, తుమ్మచెట్టు, కొమ్మ. ఆ పిల్ల దాన్ని దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూసి, “ఏదీ?” అంది.

“ఎగిరిపోనాది.”

తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల ఫోటోని బల్ల మీద పెట్టి మావ వైపు తోసింది. “మళ్లీ వత్తాదా అది?”

“వానలెల్లినాక వత్తాది.”

“వచ్చినాక కబురంపు. మా నాన్న కంటే ఎక్కువైనదేటో నాను సూడాల.”

ఆ ఏడు మావ పెళ్లిళ్లలో ఉత్త ఫ్లాష్ కొట్టడం మానేశాడు. రీలు అయిపోతే, “అయిపోనాది,” అని అందరి ముందూ చెప్పి కెమెరా మెడలోంచి తీసేసేవాడు. పెళ్లికొడుకుల మేనమామలు తిట్టారు. రెండు ఊళ్లవాళ్లు వేరే ఫోటోగ్రాఫర్ని మాట్లాడుకున్నారు. ఆయనకి అదేమీ పట్టలేదు. ఆయన దిగులంతా పిట్ట మీద ఉంది. వానలు ఆలస్యమయ్యాయి. బీలలో నీళ్లు చాలకపోతే పిట్టలు ఎటో వెళ్లిపోతాయేమోనని భాద్రపదం నుంచే నన్ను ఆ దారి వెంట తిప్పాడు.

“శుభలేఖ వేయించమంటావా మావా? పెదమావకి నానే ఇచ్చొత్తాను,” అన్నాను.

“రాకపోతే ఏటి సెప్తానురా ఆ గుంటకి?” అన్నాడు. ఈ సంగతిలో హాస్యాలకి ఆయన దగ్గర చోటు లేదని అప్పుడు నాకు తెలిసింది.

కార్తీకం వచ్చాక ఒక ఉదయం వచ్చాయి. ముందు ఒకటి, తర్వాత మూడో నాలుగో. నేను ఆటో వేసుకుని బారువ దగ్గర ఆ పిల్ల అత్తవారింటికి వెళ్లి కబురు చెప్పాను. మర్నాడు తెల్లవారుతుండగా ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. పసుపు తాడు మీద కొంగు కప్పుకుని ఆటోలో కూర్చుంది.

మావ అప్పటికే గట్టు మీద ఉన్నాడు, చెప్పులు విప్పుకుని. పెళ్లి మిగులు కాదు, ఆ రోజు కొత్త రీలు వేసుకొచ్చాడు. ఆ పిల్లకి కూర్చోడానికి తువ్వాలు పరిచాడు. ఆ పిల్ల దాని మీద కాకుండా పక్కన గడ్డి మీద కూర్చుంది. నీళ్ల మీద పొగమంచు ఉంది. తుమ్మచెట్టు సగం కనిపిస్తోంది, సగం లేదు.

మొదటి గూడబాతు ఆకాశంలో ఎంతో దర్జాగా వచ్చింది. రెక్కలు ఆడించకుండా, జమీందారు పల్లకీలో వచ్చినట్టు. కొమ్మ మీద దిగేటప్పుడు మాత్రం కాళ్లు ముందుకు చాచి, రెక్కలు అటూ ఇటూ కొట్టుకుని, ముక్కు ఒక వైపూ ఒళ్లు ఒక వైపూ పోయి, పడబోయి నిలబడింది. నిలబడ్డాక ఎవరైనా చూశారా అన్నట్టు తల తిప్పింది.

ఆ పిల్ల ఫక్కుమంది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇదా?”

“ఇదే,” అన్నాడు మావ.

“ఆ గొంతు కింద సంచేటి? ఏటి దాత్తాది అందులో?”

“సేపలు. పిల్లలకి పట్టుకెల్తాదంటారు.”

“దాని సంచిలోంచే తింటాయా అవి?” ఆ పిల్ల మోకాళ్ల మీద ముందుకి వంగింది. “మా నాన్న సూసుంటే నవ్వేవోడు.”

అప్పుడు మావ కెమెరా ఎత్తాడు. ఊపిరి బిగపట్టాడు. నేనూ బిగపట్టాను, ఇప్పుడు ఎగురుతుంది చూడు అనుకుంటూ. ఎగరలేదు. టక్కుమంది. పిట్ట ఉంది. మళ్లీ టక్కుమంది. సంచి జాపింది, ముక్కుతో రెక్క గోక్కుంది, మంచు విడిపోయి ఎండ దాని మీద పడింది. అన్నీ పడ్డాయి. మావ వేలు తడబడలేదు. అన్నేళ్లలో కొమ్మ మీద పిట్ట ఉండగా ఆయన ఫోటో తీయడం నేను చూసింది ఆ ఒక్క ఉదయమే. నా కళ్లు ఎందుకు చెమర్చాయో నాకే తెలియదు. మంచు అనుకోండి.

ఇంతలో రెండో గూడబాతు వచ్చి, మొదటిదాని కంటే అన్యాయంగా దిగింది. ఆ పిల్ల ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. మావ గబుక్కున కెమెరా అటు తిప్పి నొక్కాడు.

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. మావ వైపు తిరిగింది.

“ఇది తీసినావా, ఉత్తిదేనా?”

“తీసినానమ్మా.”

“అప్పుడు మా నాన్నకీ అలగే సెప్పినావు కదా. ఇంకా రీలుంటాది నీ కాడ. ఈ పాలి ఎవరికి దాసినావు?”

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మావ కెమెరా తిప్పి, వెనక తలుపు మీద గోరు పెట్టాడు.

“మావా!” అని అరిచాను. రీలు లోపలుండగా ఆ తలుపు తీస్తే వెలుగు పడి పడ్డవన్నీ పోతాయని నాకు నేర్పినవాడే ఆయన.

తలుపు తెరిచేశాడు. రీలు చివర పట్టుకుని, గోధుమరంగు పట్టీని ఎండలోకి లాగాడు. లాగుతూనే ఉన్నాడు, గడ్డి మీద అది చుట్టలు చుట్టుకుని పడేదాకా. గూడబాతు, దాని సంచి, దాని మీద పడిన ఎండ, ఆ పిల్ల నవ్వు, అన్నీ అందులోనే ఉన్నాయి.

“సూడమ్మా,” అన్నాడు. “ఏటీ దాసుకోనేదు.”

ఆ పిల్ల వంగి పట్టీ కొస అందుకుంది. ఎండకి ఎదురుగా పెట్టి చూసింది. అందులో ఏమీ లేదు.

“పోనాయా అన్నీ?”

“పోనాయి.”

“పిట్ట గూడా?”

“అదీ పోనాది.”

ఆ పిల్ల ఆ పట్టీని ముందు ఒక వేలికి చుట్టింది, తర్వాత రెండు వేళ్లకి చుట్టింది. గడ్డిలో పడ్డదంతా మట్టి దులుపుకుంటూ జాగ్రత్తగా చుట్ట చుట్టింది.

“ఇది నాకియ్యి బాబాయ్.”

“అందులో ఏటీ నేదు కదమ్మా.”

“నాను నవ్వినప్పుడు తీసినావు కదా,” అంది. కొంగు చివర ఆ చుట్ట పెట్టి ముడి వేసుకుంది. ముడి బిగిసిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది. తర్వాత లేచి, మావ పరిచిన తువ్వాలు మీదకి మారి కూర్చుంది.

మావ ఖాళీ కెమెరా తలుపు మూసి మెడలో వేసుకున్నాడు. నీళ్ల వైపు చెయ్యి చాచాడు.

“అదిగో,” అన్నాడు. “ఇంకోటి దిగతంది. సూడు, పడిపోతాదేమో.”